తలుపు బయట తాళం వేయకండి

ప్రశ్న: మేడమ్, మాది బరంపురం. ఇంట్లో తెలుగే అయినా అమ్మాయి చదువంతా ఒడియా మీడియం. ప్లస్ టూ అయింది. తొమ్మిదేళ్లుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. వచ్చే వారం విజయనగరం సంగీత కళాశాలకు వెళ్తున్నాం. చేర్చుకునే ముందు పాడించి చూస్తారట. మేము రోజూ రెండు గంటలు సాధన చేస్తున్నాం. మాకు వర్ణం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, కాస్త తడబడుతోంది. అమ్మాయికి తెలుగు చదవడం రాదు, సాహిత్యమంతా ఒడియా లిపిలోనే రాసుకుంది. అక్కడివాళ్లు నవ్వుతారేమోనని నా టెన్షన్. ఇదంతా ఒకెత్తయితే, మొన్న "నువ్వు రావద్దు, నాన్న వస్తే చాలు" అంది. ఆయనకి సరిగమలు కూడా తెలియవు! పెళ్లయ్యేదాకా నేను వయొలిన్ నేర్చుకున్నదాన్ని. పోయినేడు ఒక పోటీలో ఎదురుగా కూర్చుని తాళం వేసి సాయపడింది నేనే. ఏం తప్పు చేశాను?

జవాబు: మీ ఉత్తరం మీరే మరోసారి చదువుకోండమ్మా. "మేము సాధన చేస్తున్నాం" అని రాశారు. "మాకు తడబడుతోంది" అని రాశారు. లోపలికెళ్లి పాడేది మాత్రం ఒక్కరే. ఆ "మేము"లోంచి కాసేపు బయటపడాలని పిల్ల చూస్తోంది.

ఆయనకి సరిగమలు తెలియవన్నారే, ఆయన్ని రమ్మన్నది అందుకేనని నా అనుమానం. పాడి బయటికొచ్చాక వాళ్ల నాన్న మొహంలో మార్కులు కనిపించవు. ఆకలేస్తోందా అంటారు. మీరైతే గుమ్మంలోనే "గాంధారం నిలిచిందా?" అంటారు. నోరు మూసుకున్నా మీ కళ్లు అడుగుతాయి. పోటీలో తాళం వేయడమూ ఇలాంటిదే. పాడేవాళ్ల తాళం వాళ్ల చేతిలో ఉంటుంది. ఎదుట ఇంకో చెయ్యి ఆడుతుంటే తన లెక్క నమ్మాలో అమ్మ లెక్క నమ్మాలో తెలియదు. తప్పు చేశారని అనను. ఆ పిల్లకి సంగీతం అబ్బిందే మీ వల్ల.

వెళ్లాలా వద్దా అన్నది ఆమెనే అడగండి, ఒకే ఒక్కసారి. "ముగ్గురం వెళ్దాం, నేను గేటు దాటి లోపలికి రాను" అనండి. సరే అంటే వెళ్లండి. అప్పటికీ వద్దంటే ఇంట్లో ఉండిపోండి, కళ్లనీళ్లు పెట్టుకోకుండా.

ఇక లిపి సంగతి. నవ్వడానికి అందులో ఏమీ లేదు. తమిళదేశంలో ఎందరో త్యాగరాజ కీర్తనల్ని తమిళ లిపిలోనే రాసుకుని నేర్చుకున్నారు. క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్కడ ఒకటే అక్షరం, పక్కన చిన్న అంకెలు వేసుకుని గుర్తుపెట్టుకుంటారు. ఆ విషయంలో ఒడియా నయం, నాలుగూ ఉన్నాయి. లేనిదల్లా ఎ-ఏ, ఒ-ఓ తేడా. అందుకని పుస్తకం చూసి నేర్చుకున్న చోట "ఎవరు" కాస్తా "ఏవరు" అవుతుంది, "ఏల" పొట్టిదైపోతుంది. పైగా ఒడియాలో అకారం కొంచెం గుండ్రంగా, ఒకారంలా పలుకుతుంది. పాడుతున్నప్పుడు తెలుగు చెవికి అది ఇట్టే దొరుకుతుంది.

ఈ వారంలో మీరు చేయగల సాయం ఇక్కడుంది. పాడబోయే నాలుగైదు కీర్తనల సాహిత్యాన్ని పాడించకుండా, కథ చదివినట్టు మామూలుగా చదివించండి. దీర్ఘం తప్పిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. అర్థం చెప్పండి, మాట ఎక్కడ విరవాలో దానంతట అదే తెలుస్తుంది. రాగం జోలికి మాత్రం వెళ్లొద్దు, దానికి గురువుగారు ఉన్నారు. తెలుగు చదవడం, రాయడం తప్పనిసరా, ఒడిశా సర్టిఫికెట్లకి తోడు ఇంకేమైనా కావాలా అన్నవి ఊహించుకుని నిద్ర పాడుచేసుకోవద్దు. ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి.

పాడుతుంటే మధ్యలో "చాలమ్మా" అనొచ్చని ముందే చెప్పి ఉంచండి. శ్రుతి, లయ ఎలా ఉన్నాయో తెలియడానికి విన్నవాళ్లకి పల్లవి, అనుపల్లవి చాలు. తన శ్రుతి, అంటే తను పాడే ఆధార స్థాయి, అయిదా, అయిదున్నరా అన్నది ఆమె నోటితోనే చెప్పనివ్వండి. బండి టైముకొస్తుందని నమ్మి అదే రోజు పొద్దున బయల్దేరకండి, ముందు రోజే దిగండి.

రైలు ఇచ్ఛాపురం దాటగానే ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కథ ఎత్తుకోకండి, దయచేసి. 1919లో ఆ కాలేజీ పెట్టినప్పుడు ఆయన విద్యార్థిగా చేరదామని వస్తే, ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు వయొలిన్ విని, ఏకంగా అధ్యాపకుడిగా పెట్టించారని చెప్పుకుంటారు. నాకూ ఇష్టమైన కథే. కానీ చేతులు చల్లబడి కూర్చున్న పిల్లకి అది నెత్తిన మూటలా ఉంటుంది. ఘంటసాలగారు అక్కడే చదివారన్న మాట సీటొచ్చాక చెప్పుకోవచ్చు.

మీ వయొలిన్ గురించి ఒక్క వాక్యమే రాశారు. పెళ్లయ్యేదాకా, అని. తర్వాత అదేమైందో రాయలేదు. ఇంట్లోనే ఉంటే అటక మీంచి దింపి చూడండి. తీగలు తుప్పుపట్టి ఉంటాయి, కమాను వెంట్రుకలు రాలిపోయి ఉంటాయి. అమ్మాయి లోపలికెళ్లాక గేటు బయట మీకు గంటో రెండు గంటలో చేతిలో ఉంటాయి. తీగల సెట్టు, కమానుకి రాసే రోజిన్ ఎక్కడ దొరుకుతాయో ఆ చుట్టుపక్కల ఎవరినైనా అడగండి.