స్కాట్లండ్ వేరుపడితే పౌండు ఎవరిది?

ప్రశ్న: మా అబ్బాయి గ్లాస్గోలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. అక్కడ కిటికీలకు నీలం జెండాలు కడుతుంటారనీ, బ్రిటన్ నుంచి విడిపోవాలని ఊరేగింపులు తీస్తుంటారనీ ఫోన్‌లో చెబుతాడు. మాకు ఒకటే టెన్షన్. మూడొందల ఏళ్లు కలిసున్నవాళ్లు ఇప్పుడెందుకు విడిపోవాలి? మన తెలంగాణ లాంటిదేనా ఇది కూడా? మీరు చాలాకాలం ఎడిన్‌బరోలో ఉన్నారు కదండీ, ఉన్నదున్నట్టు చెప్పండి.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ సంగతి. 2014లో విడిపోవాలా వద్దా అని అక్కడ రెఫరెండం (జనం నేరుగా ఓటేసి తేల్చే పద్ధతి) జరిగినప్పుడు నేను ఎడిన్‌బరోలోనే ఉన్నాను. వీధి వీధినా వాదనలే, కానీ భయపడి తలుపులేసుకున్న రోజు ఒక్కటి కూడా లేదు. అంతేకాదు, ఆ రోజు నేనూ ఓటేశాను, మన భారత పాస్‌పోర్టుతోనే. కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టప్రకారం అక్కడ ఉంటున్నట్టయితే ఓటు ఇస్తారు.

సెప్టెంబర్ 18. ఆఫీసుకు వెళ్లేముందు దగ్గర్లోని బడికి వెళ్లాను. కాగితం మీద ఒకే ప్రశ్న: స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా? అవును, కాదు అని రెండు గళ్లు. పెన్సిల్ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

మా నాన్నగారిది నల్గొండ, అమ్మది బందరు. అదే ఏడాది జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు మా ఇంట్లో ఫోన్లు ఎలా నడిచాయో మీరు ఊహించుకోగలరు. అందుకే మీ పోలిక నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క తేడా చూడండి. అప్పుల్ని జనాభా లెక్కన 58.32, 41.68 శాతంగా పంచుకున్నా, మర్నాడు పొద్దున రెండు చోట్లా అదే రూపాయి, అదే పాస్‌పోర్టు, అదే సుప్రీంకోర్టు. స్కాట్లండ్‌లో తేలాల్సినవి సరిగ్గా ఇవే.

పైగా స్కాట్లండ్ ఇంగ్లండ్‌లోంచి పుట్టిన రాష్ట్రం కాదు. 1707 దాకా అది వేరే దేశం. పనామా దగ్గర డేరియన్‌లో వలస పెట్టబోయి డబ్బంతా పోగొట్టుకున్న కొద్ది ఏళ్లకే సొంత పార్లమెంటును వదులుకుని ఇంగ్లండ్‌తో కలిసింది. కోర్టులు, చర్చి మాత్రం వేరుగానే ఉంచుకుంది. పార్లమెంటు మళ్లీ వచ్చింది 1999లో.

మా కింది ఫ్లాట్‌లో ఒక నర్సు ఉండేది. కిటికీకి నీలం జెండా కట్టింది ఆమే. "మేం ఓటేసేది ఒకరికి, మమ్మల్ని ఏలేది ఇంకొకరు" అనేది. అందులో అబద్ధం లేదు. 2010 ఎన్నికల్లో స్కాట్లండ్‌లోని 59 సీట్లలో కన్సర్వేటివ్‌లకు వచ్చింది ఒక్కటే, అయినా ప్రధాని అయింది ఆ పార్టీ నాయకుడు కామెరూనే. అదే పార్టీ ప్రధాని థాచర్ కాలంలో తలకింత అని వేసిన పోల్ టాక్స్‌ను ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే, 1989లో, స్కాట్లండ్ మీద పెట్టారు. ఆ మాట ఎత్తితే ఆమె తల్లికి ఇప్పటికీ కళ్లు ఎర్రబడతాయి. బ్రిటన్ అణు జలాంతర్గాములు ఉండేదీ స్కాట్లండ్‌లోనే, ఫాస్‌లేన్‌లో. తమ గడ్డ మీద ఏం ఉండాలో తామే నిర్ణయించుకుంటామనడం న్యాయమైన కోరికేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

పై ఫ్లాట్‌లో రిటైరైన టీచరమ్మ. ఆవిడ అడిగేది ఒక్కటే: "నా పెన్షన్ ఏ డబ్బులో వస్తుంది?"

ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది. స్కాట్లండ్‌లో మూడు బ్యాంకులు సొంతంగా నోట్లు వేస్తాయి. నా మొదటి జీతంలో చేతికొచ్చిన నోటు మీద రాణి బొమ్మ లేదు. లండన్‌లో ఇస్తే షాపువాడు అటూ ఇటూ తిప్పి చూశాడు. నోటు వేరైనా పౌండు ఒకటే, దాని వెనక ఉన్నది మన రిజర్వ్ బ్యాంకు లాంటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే. విడిపోయాక కూడా పౌండును ఉమ్మడిగా వాడుకుంటామని స్కాట్లండ్ నాయకుడు సాల్మండ్ అన్నారు. కుదరదని బ్రిటన్ ఆర్థిక మంత్రి ఆస్‌బోర్న్ ఫిబ్రవరిలోనే చెప్పేశారు. మరి రెండో దారి ఏమిటని అడిగితే చివరిదాకా సూటిగా జవాబు రాలేదు. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ అయితే, 'అవును' గెలిస్తే రిజిస్టర్డ్ ఆఫీసును ఇంగ్లండ్‌కు మారుస్తామని ప్రకటించింది. ఉత్తర సముద్రం చమురుందిగా అనేవాళ్లు. ఓటు నాటికి పీపా ధర వంద డాలర్లకు దగ్గరగా ఉంది. జనవరికల్లా యాభైకి దిగువకు పడింది.

నేను 'కాదు' గడిలో గుర్తు పెట్టాను. ఒక కారణం పౌండు, రెండోది యూరప్. విడిపోతే యూరోపియన్ యూనియన్‌లో చోటు పోతుందని 'కాదు' పక్షం వాళ్లు గట్టిగా చెప్పారు, నేను నమ్మాను. 84.6 శాతం మంది ఓటేస్తే, 55 శాతం కాదన్నారు, 45 శాతం అవునన్నారు.

రెండేళ్లు తిరక్కుండానే, 2016 జూన్‌లో, బ్రిటన్ తానే యూరోపియన్ యూనియన్‌ను వదిలేయాలని ఓటేసింది. స్కాట్లండ్‌లో 62 శాతం ఉందామన్నా లెక్కలోకి రాలేదు. మర్నాడు మెట్ల మీద ఎదురైన ఆ నర్సు నన్నేమీ అనలేదు. నాకే మాట రాలేదు. నా రెండు కారణాల్లో ఒకటి ఇచ్చిన మాట తప్పడంతో పోయింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అయితే దారి సులువైందా అంటే, కష్టమే అయింది. రేపు స్కాట్లండ్ విడిపోయి యూరప్‌లో చేరితే ఇంగ్లండ్‌తో ఉన్న సరిహద్దులో కస్టమ్స్ తనిఖీలు వస్తాయి. దాని అమ్మకాల్లో సగానికి పైగా బ్రిటన్‌లోని మిగతా ప్రాంతాలకే. పౌండు ప్రశ్న కూడా తేలలేదు. అందుకే ఇవాళ అడిగినా నేను 'అవును' అనలేను. కానీ అసలు మళ్లీ అడగనే కూడదంటే మాత్రం ఒప్పుకోను. లండన్ అనుమతి లేకుండా స్కాట్లండ్ పార్లమెంటు రెఫరెండం పెట్టలేదని 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ప్రకారం అది సరే. కానీ ఇష్టపడి కలిసిన యూనియన్ అన్నాక, బయటికి వెళ్లే దారి ఏదో కూడా చెప్పాలి కదా.

మీ అబ్బాయి చదువుకు ఈ జెండాల వల్ల ఇబ్బందేమీ ఉండదు, నిశ్చింతగా ఉండండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు మాత్రం, ఓటర్ల జాబితాలో పేరు రాయించుకున్నాడేమో అడగండి. విద్యార్థి అయినా మన పిల్లలకు అక్కడ ఓటుంది.