ఆర్‌సీ హెలికాప్టర్ నేర్చుకోవడానికి కోయాక్సియల్ కొనడం దండగేనా?

ఇంతవరకూ హెలికాప్టర్ రిమోట్ పట్టుకోలేదని, కోయాక్సియల్ (ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటిగా రెండు రోటర్లు, అంటే తిరిగే రెక్కల జతలు, ఉండే రకం) కొంటే త్వరగా విసుగొస్తుందని ఎవరో చెప్పారని, డ్రోన్‌తోనో నేరుగా సింగిల్ రోటర్‌తోనో (పైన ఒకే పెద్ద రోటర్, తోకకు చిన్నది ఉండే రకం) మొదలుపెడితే డబ్బు మిగులుతుందా అని అడిగారు. మిగలదు. బ్లేడ్ల కోణం మారే సింగిల్ రోటర్‌నే మొదటి మోడల్‌గా కొన్నవాళ్లను చూశాను. విడిభాగాలకు పెట్టిన డబ్బుతో వాళ్లకు ఇంకో హెలికాప్టర్ వచ్చేది. ఇక డ్రోన్ సంగతి మా బావమరిది పుణ్యమా అని నాకు బాగా తెలుసు.

అతను చాలా కాలంగా కెమెరా డ్రోన్ ఎగరేస్తున్నాడు. ఒకసారి ఇంటికొచ్చి, అల్మరాలో ఉన్న నా కోయాక్సియల్‌ని చూసి "ఇదేంటి బావా, చిన్నపిల్లల బొమ్మ!" అన్నాడు. అయితే ఎగరెయ్యి అని రిమోట్ చేతికిచ్చాను. హాల్లో లేపాడు. తోక అతనివైపు ఉన్నంతసేపూ మేకు కొట్టినట్టు ఒకే చోట నిలబడింది. "చూశావా, ఇందులో ఏముంది?" అంటూ ఎడమ స్టిక్‌తో దాన్ని గుండ్రంగా తిప్పాడు. ముక్కు తనవైపు తిరిగింది. అది నెమ్మదిగా ఎడమకు జరగడం మొదలుపెట్టింది. జరుగుతోంది కదా అని కుడి స్టిక్ కుడివైపుకు తోశాడు. ముక్కు మనవైపు ఉన్నప్పుడు దాని కుడి మనకు ఎడమ. కాబట్టి అది ఇంకాస్త ఎడమకు పోయింది. ఇతను ఇంకాస్త కుడికి తోశాడు. ఎదురుగా కర్టెన్.

ఇక్కడే అసలు వేడుక. టెన్షన్‌లో రెండు స్టిక్‌లూ వదిలేశాడు. అతని డ్రోన్ అయితే స్టిక్‌లు వదలగానే ఉన్నచోటే ఆగిపోతుంది. హెలికాప్టర్ రిమోట్‌లో థ్రాటిల్‌కు, అంటే రోటర్ల వేగం పెంచి తగ్గించే స్టిక్ కదలికకు, స్ప్రింగ్ ఉండదు, వదిలిన చోటే ఉండిపోతుంది. కర్టెన్ రెండు రోటర్ల చుట్టూ చుట్టుకుపోయింది, మోటార్లు మూలుగుతున్నాయి, నేను "దించు, థ్రాటిల్ పూర్తిగా దించు" అని అరుస్తున్నాను, ఇతను చేతులు పైకెత్తి చూస్తున్నాడు. కాలిన వాసన వచ్చాక నేనే రిమోట్ లాక్కుని దించాను. ఒక మోటారు పోయింది, లోపలి షాఫ్ట్ (ఇరుసు) వంగింది. "డ్రోన్ అయితే ఆగేది బావా" అన్నాడు. అవును, ఆగేది. అందుకే అన్నేళ్లు ఎగరేసినా అతనికి ఎడమ కుడి రాలేదు.

ఏమన్నా అంటే కోయాక్సియల్ చాలా తేలిక అంటారు. తేలికే, కానీ ఏ విషయంలో? నిలబడటంలో. రెండు రోటర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి బాడీని తిప్పేసే బలం ఒకదానిది ఇంకొకటి రద్దు చేస్తుంది. తోక రోటర్‌తో కుస్తీ ఉండదు. ఒక రోటర్‌ వేగం పెంచి రెండోదాని వేగం తగ్గిస్తే ముక్కు తిరుగుతుంది. పై రోటర్ మీద చివర్లకు బరువులున్న కడ్డీ, ఫ్లైబార్ అంటారు, ఒరగకుండా పట్టుకుంటుంది. ఆ బాధ్యతలన్నీ అది మోస్తుంది. కానీ ముక్కు ఎటుందో తెలుసుకునే పని మాత్రం మీకే వదిలేస్తుంది. డ్రోన్లలో ఈమధ్య హెడ్‌లెస్ మోడ్ అని ఒకటి పెడుతున్నారు, ముక్కు ఎటున్నా స్టిక్ తోసిన వైపుకే పోతుంది. నేర్చుకునేవాళ్లకు అంతకన్నా అన్యాయం చేసే బటన్ ఇంకొకటి లేదు.

ముక్కు మనవైపు ఉన్నప్పుడు ఒక చిట్కా: అది ఏ వైపుకు ఒరుగుతోందో స్టిక్‌ను ఆ వైపుకే తొయ్యండి, పడిపోయే పక్కకు ఆసరా పెట్టినట్టు. కొన్నాళ్లకు ఆలోచించకుండానే చెయ్యి అటు పోతుంది. ఇంకో మాట, భయపడి నేలకు జానెడు ఎత్తులో తిప్పకండి. కింద గాలి నేలకు తగిలి చెదిరిపోవడం వల్ల అక్కడే అది ఎక్కువ జారుతుంది. నడుము ఎత్తుకు లేపితే నిదానిస్తుంది. ఏదైనా తగలబోతుంటే ముందు థ్రాటిల్ సున్నా. మిగతా ఆలోచన తర్వాత.

కొనేటప్పుడు మోసపోయేది ఎక్కడంటే, 3 చానెళ్ల (అంటే రిమోట్‌తో మూడు రకాల కదలికలే అదుపు చేయగల) ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలు కూడా కోయాక్సియల్ పేరుతోనే వస్తాయి. సైమా ఎస్107 లాంటివి. సరదాకి బాగుంటాయి, కింద పడినా తట్టుకుంటాయి. కానీ వాటికి పక్కలకు జరిగే కంట్రోలే లేదు. తోక మీద అడ్డంగా పడుకున్న చిన్న ఫ్యాన్ తోకను ఎత్తీ దించీ ముందుకు, వెనక్కు నడుపుతుంది, అంతే. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ కూడా సరిగా అందదు. మీకు కావలసింది కింది రోటర్‌కు స్వాష్‌ప్లేట్ (రోటర్‌ను కావలసిన వైపుకు వంచే పళ్లెం) ఉన్న 4 చానెళ్ల రకం. బ్లేడ్ సీఎక్స్, ఈస్కై లామా ఆ కోవకు చెందినవే.

డబ్బా మీద నీలాకాశంలో మేఘాల మధ్య ఎగురుతున్నట్టు బొమ్మ వేసేవాళ్లను ఏమనాలో తెలియదు. చిన్న గాలి వీచినా ఇది ఎదురు నిలవలేక కొట్టుకుపోతుంది. ఎదురు తెద్దామని స్టిక్ పూర్తిగా ముందుకు తోస్తే కింది రోటర్ వంగుతుంది, పైదాన్ని ఫ్లైబార్ వంగనివ్వదు, రెండు జతల బ్లేడ్లూ టకటకా కొట్టుకుంటాయి. గది లోపలే ఎగరేయండి, ఫ్యాన్ ఆపేసి.

పిల్లల బొమ్మ అనేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇంజెన్యుయిటీ. 2021 ఏప్రిల్ 19న అంగారకుడి మీద మొదటిసారి ఎగిరిన నాసా హెలికాప్టర్ కోయాక్సియలే. బరువు 1.8 కిలోలు. 5 సార్లు ఎగిరితే చాలనుకుని పంపితే 2024 జనవరి దాకా 72 సార్లు ఎగిరింది. దాని బ్లేడ్ల కోణం మారుతుంది, మన దాంట్లో మారదు, నిజమే. కంప్యూటరే నడిపిందన్నదీ నిజమే. అయినా మా బావమరిది ఆ తర్వాత బొమ్మ అన్న మాట ఎత్తలేదు.

బ్యాటరీతో వచ్చే చవక చార్జర్ మీద విడిగా ఒక జవాబు రాయాలి. ప్రస్తుతానికి ఇంత చాలు: లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, 3 వోల్టుల కిందికి పడితే పాడవుతుంది. ఎగరడంలో బలం తగ్గిందనిపించగానే దించేయండి, వేడి చల్లారాకే చార్జింగ్ పెట్టండి, పెట్టి బయటికి పోకండి.

విడిభాగాల్లో బ్లేడ్లు, లోపలి షాఫ్ట్, ఫ్లైబార్ లింకులు, ఒక జత మోటార్లు ముందే తెప్పించుకోండి. పై బ్లేడ్లు కిందికి, కింది బ్లేడ్లు పైకి పనికిరావు, తిరిగే దిశ వేరు కాబట్టి రెండు రకాలూ కావాలి. మీరు చూస్తున్న మోడల్‌కు ఇవి విడిగా దొరకవంటే అది ఎంత చవకైనా వదిలేయండి.