భుజం పట్టేసింది సరే, ముందు కాగితం చూసుకో

చి. అమ్మడికి ఆశీస్సులు.

ఫ్లూ షాట్ తర్వాత జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవట్లేదన్నావు. సూది మరీ పైన పడితే మందు కండలోకి కాక కీలు మీదున్న తిత్తిలోకి దిగి వాపు తెస్తుంది. అమెరికాలో దీన్ని ‘సిర్వా’ అంటారు. ఫార్మసీ మీద దావా అని తొందరపడకు. 1986 చట్టం ప్రకారం ముందు అక్కడి ప్రభుత్వ టీకా నష్టపరిహార పథకానికే వెళ్లాలి. పిటిషన్ వాషింగ్టన్ డీసీలోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో వేస్తారు. సూది వేసినవాళ్ల తప్పని నిరూపించక్కర్లేదు. హెచ్‌1బీ మీద ఉన్నా అడ్డు లేదు.

2017 నుంచి సిర్వా ఆ పథకం గుర్తించిన టీకా నష్టాల పట్టికలో ఉంది. నొప్పి 48 గంటల్లోపు మొదలవ్వాలి. అంతకుముందు ఆ భుజానికి ఏ బాధా ఉండకూడదు, మెడ నరం లాంటి వేరే కారణమూ కనబడకూడదు. బాధ ఆరు నెలలు దాటాలి, లేదా ఆస్పత్రిలో చేరి ఆపరేషన్ అయ్యుండాలి.

కేసు చెడేది డాక్టరు గదిలోనే. అదే తగ్గుతుందిలే అని నెలల తరబడి టైలినాల్ లాంటి నొప్పి మాత్రలు మింగుతారు. మధ్యలో జలుబుకని వెళ్లినా భుజం ఊసెత్తరు. చివరికి ‘రెండు వారాలుగా నొప్పి’ అని నోటికొచ్చింది చెబుతారు, అదే రికార్డుకెక్కుతుంది. ప్రభుత్వ లాయర్లు పట్టుకునేది ఆ ముక్కనే. ఈ వారమే వెళ్లు. ఏ తేదీన, ఏ చేతికి వేశారో, సూది పడ్డాక ఎన్ని గంటలకు నొప్పి మొదలైందో చెప్పి రాయించు. భుజంలోనే నొప్పి అయితే మనవాళ్ల అలవాటుగా ‘చెయ్యంతా లాగుతోంది’ అనకు. ఇంటికొచ్చాక ఆ డాక్టరు రాసింది ఆస్పత్రి ఆన్‌లైన్ పోర్టల్‌లో చదివి, తప్పుంటే దిద్దమను.

ఫార్మసీ నుంచి టీకా రికార్డు తెచ్చుకో. అందులో కుడి, ఎడమ తారుమారవడం మామూలే. అలా ఉంటే అల్లుడి అఫిడవిట్, మొదటి డాక్టరు నోట్సు ఆదుకుంటాయి. ఫిజియోథెరపీ మధ్యలో మానకు.

గడువు మూడేళ్లు. లెక్క మొదటి నొప్పి నుంచి, ఎంఆర్ఐ తీసిన రోజు నుంచి కాదు. లాయరు నీ పరిహారంలో వాటా తీసుకోకూడదు. కేసు నిజాయితీగా, తగిన ఆధారంతో వేసిందైతే ఓడినా ఫీజు పథకమే ఇస్తుంది. నొప్పికి, వేదనకు పరిమితి 2,50,000 డాలర్లు. పోయిన జీతం, చికిత్స ఖర్చు దానికి అదనం.

మీ అత్తగారికి షింగ్రిక్స్ (షింగిల్స్ అనే సర్పి రాకుండా వేసే టీకా) తర్వాత భుజం పట్టేసిందన్నావు. ఆ టీకా ఈ పథకంలోకి రాదు. ఆవిడది మామూలు కోర్టు దారి, గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మీ ఊళ్లో వేరే లాయరుని ఇప్పుడే అడగండి.

మీ పెద్దనాన్న