తిరగవాతా, పోపా, తాలింపా?

సందేహం: నేను అనంతపురంలో ఒక్కడినే గది తీసుకొని ఉంటున్నాను. రాత్రి అన్నం వండుకొనే ఓపిక లేనినాడు బొరుగులు నానవేసి ఉగ్గాని చేసుకొంటాను. దానికి మా ఇంట్లో ‘తిరగవాత’ పెట్టడమంటారు. గుంటూరు మిత్రుడొకరు అది మొరటు మాట, ‘పోపు వేయడం’ అనాలని వాదిస్తారు. పుస్తకాలలో ‘తాలింపు’ కనబడుతుంది. వీటిలో ఏది సాధువు? పెట్టాలా, వేయాలా? – ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: మీ మిత్రుడు మొరటన్న మాటకు వ్యుత్పత్తి లక్షణంగా ఉంది. ‘తిరుగ’, ‘పోత’ కలిసి తిరుగబోత, తిరుగవోత అయి, వకార మకారాలు మారుకోగా తిరగమోత, తిరగమాత అయి, మన సీమవాసుల నోట తిరగవాతగా నిలిచిందనుకోవడం నాకు సమంజసంగా తోస్తుంది. కాగిన నూనెను పప్పు మీద పోసినా, ఉడికిన పప్పును తిరిగి నూనెలో పోసినా ‘పోత’ సార్థకమే. ఉగ్గానిలో జరిగేది ఈ రెండవదానికి దగ్గర: ఆవాలు చిటపటలాడి, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డలు మగ్గి, పసుపు పడిన తరువాతనే గదా నీళ్లు పిండిన బొరుగులు బాణలిలోకి వచ్చేది!

ఇక మీ మిత్రుని ‘పోపు’. మొగము మోమైనట్లే పొగపు పోపయింది. దీనికి మూలం పొగ. ఈ మాట తలచుకొన్నప్పుడల్లా నాకు శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద గుర్తుకు వస్తుంది. అందులోని విష్ణుభక్తుడు విష్ణుచిత్తుడు ఏ ఋతువులో అతిథులకు ఏమి వడ్డించేవాడో ప్రథమాశ్వాసంలో కవి వర్ణించాడు. అది వానకాలం, ఆకాశం నీటిబుగ్గలా ఎడతెగక కురుస్తున్నది. తడిసిన కట్టెలు రాజవు కనుక ఇల్లాలు కొబ్బరిచిప్పలు రాజేసి, కంటికి పొగ సోకకుండా వండుతుంది. ఆ వంట ఇది:

‘కలమాన్నము నొల్చినప్రప్పు నాలుగేన్
పొగపినకూరలున్ వడియముల్ వరుగుల్ పెరుగున్ ఘృతప్లుతిన్’

వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పొగపిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, వీటిపై ధారాళంగా నెయ్యి. ‘పొగపిన’ అంటే తిరగమోత పెట్టిన అని అర్థం చెప్పి సాగిపోతే పద్యానికి అన్యాయం చేసినవాళ్లమవుతాము. ఇల్లాలి కంటికి తగలరాని పొగ ఒకటి, కూరకు పట్టవలసిన పొగ మరొకటి. రెండింటినీ ఒకే పద్యంలో ఇమిడ్చి, ఆ సంగతి పైకి చెప్పకుండా ఊరుకొన్నాడు కవి. 1509లో సింహాసనమెక్కి, దండయాత్రలతో తీరిక లేని ప్రభువుకు వంటింటి పొగ గోడు ఇంత దగ్గరగా ఎలా తెలిసిందో! వేసవికి ‘తియ్యని చారులు’ వడ్డించినవాడూ ఈయనే. కనుక పోపును కోస్తావారి సొత్తని మీరు వారికి వదులుకోనక్కరలేదు.

తాలింపునకు తమిళుల ‘తాళిప్పు’ తోబుట్టువు. అయితే మన కడప, అనంతపురం ఇళ్లలో చిక్కుడుకాయ తాలింపు, బెండకాయ తాలింపు అన్నప్పుడు అది నీరు లేకుండా వేయించిన కూర పేరు. కూరకు ఆ పేరు స్థిరపడినచోట ఆవాలు, మిరపకాయల సంస్కారానికి వేరొక మాట ఉండడం సౌకర్యం. తిరగవాత మన దగ్గర చెక్కుచెదరకుండా ఉండడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు. కన్నడిగుల ‘ఒగ్గరణె’ సరిహద్దు పల్లెలలో వినబడుతుంది, అది వేరే దారి.

నాకు నచ్చనిది మరొకటి ఉంది. ఇన్ని మాటలు చేతిలో ఉండగా, వంటల వీడియోలలో మనవాళ్లు ‘తడ్కా ఇచ్చుకోండి’ అంటున్నారు. తడ్కా హిందీవారికి సొగసైన మాటే, కాదనను. కానీ ఇచ్చుకోవడమేమిటి? దక్షిణ ఇచ్చుకొంటాము, మాట ఇచ్చుకొంటాము. ఆవాలకు ఏమి ఇచ్చుకొంటాము? ‘ఉప్పు యాడ్ చేసుకోండి’ అనేవారికి ‘వేయండి’ అనే మూడక్షరాల క్రియతో ఏమి పేచీ వచ్చిందో తెలియదు.

పెట్టడమా, వేయడమా అన్న ప్రశ్నకు ఖండితంగా తీర్పు చెప్పలేను. పోపుకు రెండూ చెల్లుతున్నాయి. తిరగవాత విషయంలో ‘పోత’ అనే క్రియ ఆ మాటలోనే ఉన్నది కనుక దానికి ఇంకొక క్రియ చేర్చడం పునరుక్తి అని శాస్త్రం పట్టుకొనేవారు అనవచ్చు. వ్యవహారం ఆ పట్టింపును ఎప్పుడో దాటిపోయింది. మా ఇంట్లోనూ పెట్టడమే. వ్యాసం రాసేటప్పుడు తిరగమోత అని రాయండి. రాత్రి మీ గదిలో ఒక్కరే ఉగ్గాని చేసుకొనేటప్పుడు తిరగవాత అనే అనండి. బొరుగులను మాత్రం మరీ నాననివ్వకండి. ముద్దయిన ఉగ్గానికి పప్పులపొడి ఎంత చల్లినా ప్రయోజనం ఉండదు.