ఉల్క పడ్డచోట వెలసిన ఊరు

ప్రశ్న: మా అబ్బాయికి జర్మనీలో నోర్డ్‌లింగెన్ అనే చిన్న ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వేసవిలో మేమిద్దరం వెళ్తున్నాం. నెలరోజులు అక్కడ ఏం తోస్తుందండీ?
– ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తోచకపోవడం ఏమిటమ్మా! దాదాపు కోటిన్నర ఏళ్ల క్రితం పెద్ద ఉల్క పడి, సుమారు 25 కిలోమీటర్ల వెడల్పున తవ్వేసిన గుంతలో ఉంది ఆ ఊరు. చాలాకాలం దాన్ని అగ్నిపర్వతం పనే అనుకున్నారు. 1960లో షూమేకర్, చావ్ అనే శాస్త్రవేత్తలు అక్కడి రాళ్లు పరీక్షించి ఉల్కేనని తేల్చారు. 1970లో, చంద్రుడి మీదికి వెళ్లబోయే ముందు, అపోలో 14 వ్యోమగాములు రాళ్లను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అక్కడికే వెళ్లారు.

ఊరి నడిబొడ్డున సెయింట్ జార్జ్ చర్చి కట్టింది ఆ దెబ్బకి పుట్టిన రాయితోనే. అందులో కంటికి ఆనని వజ్రాలున్నాయి. గోడ గీకి చూడకండి, మీవారికి కూడా చెప్పండి! 90 మీటర్ల గోపురానికి 350 మెట్లు. దుర్గమ్మ కొండెక్కే అలవాటుంటే టెన్షన్ లేదు.

పాత కోటగోడ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పైకప్పు ఉంది కాబట్టి వానొచ్చినా ఊరంతా చుట్టేయొచ్చు. 1634లో, ఐరోపాలో సాగిన ముప్పయ్యేళ్ల యుద్ధంలో, ఆ గోడల బయట ఘోరమైన పోరు జరిగింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది పంది కథ. 1440లో ఓ రాత్రి పంది ఒళ్లు రుద్దుకుంటే కోట తలుపు కదిలిందట. గడియ వేయలేదని గమనించి ఓ ఆడమనిషి కేకేసి ఊరిని కాపాడిందట. ఇప్పటికీ రాత్రి పది నుంచి పన్నెండు దాకా అరగంటకోసారి కావలివాడు గోపురం మీంచి కేక వేస్తాడు. పెందలాడే పడుకోకండి.