చార్ట్ గీసే ముందు ఒక అర్జీ వెంబడి తిరుగు అల్లుడూ

అల్లుడూ, కర్నూలు కార్పొరేషన్‌లో పోస్టింగ్ వచ్చిందని, సెక్షన్లన్నీ కొత్తగా సర్దే పని నీకే ఇచ్చినారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషమైంది. ముప్పై ఏండ్లు మున్సిపాలిటీల్లోనే పనిచేసినోణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ఏ సెక్షన్ ఎవరి కింద అని మొదలే చార్ట్ గీయొద్దు. ఒక్క అర్జీ తీసుకో, ఇంటిపన్నులో పేరు మార్పు అనుకో, అది టప్పాల్లో, అంటే అర్జీలు తీసుకునే సీటులో, పడినకాడి నుంచి సంతకం అయ్యేదాకా దాని వెంబడే తిరుగు. నేనొక ఊర్లో అట్ల తిరిగితే ఏడు టేబుళ్లు దాటింది, అందులో నాలుగు చోట్ల పొట్టి సంతకం పెట్టి పైకి పంపడం తప్ప చేసిందేం లేదు, తొమ్మిది రోజులైతే ఒక బీరువా మీదనే పడి ఉండె, ఎందుకంటే ఆ క్లర్కు లీవులో ఉన్నాడు, ఆయన సీటు ఇంకొకరికి అప్పజెప్పలేదు. ఆ ఫైలు కోసం ఒక పెద్దామె కూలి మానుకుని మూడు సార్లు వచ్చి పోయింది. ఆ నాలుగు టేబుళ్లు తీసేస్తే చాలు, సగం పని అయినట్టే.

ట్రాన్స్‌ఫర్ల కాడ మాత్రం చానా జాగ్రత్త. ఇంకో ఊర్లో అందర్నీ ఒకేసారి అటూ ఇటూ మార్చినారు, నీళ్ల పైపుల వాల్వులు తిప్పే ముసలాయనను కూడా. కొత్త పిల్లోడికి వాల్వు యాడుందో తెలీదు, అది తారు రోడ్డు కింద పడిపోయింది, నాలుగు దినాలు రెండు వీధులకు నీళ్లు లేవు. చివరికి ఆ ముసలాయనే వచ్చి వేపచెట్టు నుంచి అడుగులు కొలిచి ఇక్కడ తవ్వండి అన్నాడు, తవ్వితే అక్కడే ఉంది. అందుకే మనుషుల్ని కదిలించే ముందు వాళ్లకు తెలిసింది మ్యాపు మీద పెట్టించుకో.

2019లో వార్డు సచివాలయాలు వచ్చినాయి కదా, వాటిని గట్టి చెయ్యి. పారిశుధ్యం చూసే శానిటేషన్ సెక్రటరీ, నీళ్లు, రోడ్లు లాంటి వసతులు చూసే అమెనిటీస్ సెక్రటరీ ఎవరి పైఆఫీసర్ మాట వాళ్లు వింటే వార్డులో మురుగు కాల్వ ఎవరిదో తేలదు. వార్డుకు ఒక్కరు జవాబు చెప్పాలి, కంప్లైంట్ ముగిసిందని పెట్టే ముందు అది ఇచ్చినోళ్లకు ఫోన్ చేసి అడగాలి. చిన్న రిపేర్లకు వాళ్ల చేతిలో కొంచెం డబ్బు కూడా పెట్టు, బల్బు మార్చడానికి కమిషనర్ సంతకం ఎందుకు చెప్పు?

నువ్వు సర్దింది పనిచేస్తదా లేదా అని చూడాలంటే 2009 అక్టోబర్‌ను తలుచుకో. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊర్లోకి వచ్చినాయి, అప్పుడు నువ్వు చిన్నోడివి. ఆ రాత్రి లాంటిది మళ్లీ వస్తే జనాన్ని ఉంచడానికి ఏ బడి తాళం ఎవరి దగ్గర ఉంది, ఏ ట్రాక్టర్ ఎవరు తోలుతారు, తాగునీళ్ల ట్యాంకర్ మొదట ఏ వీధికి పోవాలి, ఇవి వార్డు వారీగా పేర్లతో రాసి గోడకు అంటించి ఉండాలి.

ఆదివారం ఇంటికి రా, నా పాత డైరీలు తీసి పెడ్తా. మీ అత్త ఉగ్గాని బజ్జీ చేస్తానంటోంది.

మీ మామ