స్తూపం మీద రాయబోయే తమ్ముడికి

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతోపాటు స్తూపం మీద చెక్కించడానికి రాసిన పన్నెండు లైన్లు అందాయి. బొగ్గు బాయిల్లో ప్రాణాలు పోయిన మనవాళ్ల గుర్తుగా కాలనీవాళ్లు చందాలేసుకుని కట్టుకుంటున్న స్తూపానికి నిన్నే రాయమన్నారంటే సంతోషం. కానీ ఆ పన్నెండు లైన్లలో 'నల్ల సూరీళ్లు' రెండుసార్లు, 'చెమట చుక్కలు' మూడుసార్లు వచ్చాయి. బొగ్గు ఒక్కసారీ రాలేదు.

వెక్కిరించడం లేదు. నేనూ అదే చేశాను. పాతికేళ్ల కిందట ఒక ఊళ్లో స్తూపానికి 'చీకటిని తవ్వి వెలుగు పంచిన వీరులారా' అని రాసిచ్చాను. ఆవిష్కరణ రోజు చప్పట్లు బాగానే పడ్డాయి. జనం పలచబడ్డాక ఒక ముసలమ్మ మనవరాలితో చదివించుకుంది. అంతా విని, "మీ తాత టింబర్‌మన్ అని రాయలేదా బిడ్డా?" అంది. ఆ పిల్ల మళ్లీ పైనుంచి కిందిదాకా వెతికింది. లేదు. ముసలమ్మ ఆయన పేరు మీద పడ్డ సున్నపు మరకను కొంగుతో తుడిచి వెళ్లిపోయింది.

టింబర్‌మన్ పనేమిటో తెలుసా? కప్పు కింద సపోర్టు దిమ్మెలు నిలబెట్టడం. అంతకన్నా ముందు పైన తట్టి చప్పుడు వినడం. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే విడిపోయినట్టు. మా వాడలో రిటైరైన టింబర్‌మన్ ఒకాయన ఎవరింటికొచ్చినా చేతికర్రతో దర్వాజ పై చెక్క మీద రెండు దెబ్బలు కొట్టి, చెవి ఒగ్గి, అప్పుడు లోపలికొచ్చేవాడు. పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. 'వీరుడు' అన్న మాటలో ఆ రెండు దెబ్బలు పట్టవు.

అందుకని ప్రతి పేరు పక్కన పని రాయి. బొగ్గు కోసే కోల్ కట్టర్, టబ్బుల్లో, అంటే బొగ్గు తొట్లలో, నింపే ఫిల్లర్, ఆ టబ్బులు తోసే ట్రామర్, మందు పేల్చే షాట్ ఫైరర్, టబ్బుల్ని తాడుతో లాగే యంత్రం నడిపే హాలర్ ఆపరేటర్. ఏ బాయి, ఏ షిఫ్టు అన్నదీ రాయి. నువ్వు 'గని' అన్నావు, అది పేపర్ల మాట. మనవాళ్లు బాయికే పోయారు, బాయిలోనే పోయారు.

1871లో కింగ్ దొర ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడన్న మొదటి లైను తీసెయ్. ఆయనకేం, కింగ్ సీమ్ అని బొగ్గు పొరకే ఆయన పేరుంది. ఈ రాయి మీద చోటు పేరు లేనివాళ్లది.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. అదే ఏడు అక్టోబరులో 8ఎ ఇంక్లైన్ బాయిలో కప్పు కూలి 10 మంది. ఈ తేదీలు ఊరందరికీ గుర్తే. బండ పడి ఒకడు, టబ్బు తగిలి ఒకడు, ఇట్లా ఒంటిగా పోయినవాళ్ల తేదీలు మాత్రం ఇంట్లోవాళ్లకే తెలుసు. వాళ్ల గడపలు తొక్కు. దుమ్ము మింగి, మెడికల్ అన్‌ఫిట్ అయి, మంచంలో దగ్గి దగ్గి పోయినవాళ్ల మాటేమిటి? నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనిచేస్తూ పోయిన కుర్రాళ్ల మాటేమిటి? కమిటీవాళ్లు ఒప్పుకోకపోవచ్చు. నువ్వైతే అడుగు, తగవైనా సరే.

స్తూపం దగ్గర పెట్టే విగ్రహం ఎట్లా ఉండాలని కూడా అడిగావు. వేల్స్‌లో సెంగెనిద్ అనే ఊళ్లో 1913 అక్టోబర్ 14న పేలుడుకు 439 మంది కార్మికులు పోయారు. మేనేజరుకు పడ్డ జరిమానా 24 పౌండ్లు! సరిగ్గా వందేళ్లకు, 2013లో, అదే తేదీన అక్కడ స్మారకం ఆవిష్కరించారు. పిడికిలి బిగించినవాడు కాదు ఆ కంచు విగ్రహంలో ఉన్నది. దెబ్బతిన్న తోటివాణ్ని పట్టుకున్న రెస్క్యూ మనిషి. మీ శిల్పికి ఈ సంగతి చెప్పి చూడు. వినకపోతే వదిలెయ్, విగ్రహం నీ పని కాదు.

వచ్చే ఆదివారం పేర్ల జాబితా తీసుకుని రా, కూర్చుని చూద్దాం. అన్నట్టు, మూడో పేరు పక్కన పెన్సిల్‌తో 'ఫిల్లర్' అని రాసుకున్నావు. ఎవరైనా రానిరోజు వాళ్ల బదులు పనిచేసే బదిలీ ఫిల్లరా, పర్మినెంటా, వాళ్లింట్లో కనుక్కుని రా.

మీ అన్న